స్క్రూ మీద ఎర్ర చుక్క

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఆరుగురున్నారు. ముందుగదిలో బల్ల దగ్గర నాన్న, ఆయన ముందు పొట్ట విప్పుకుని వెల్లకిలా పడున్న ఒక టేప్ రికార్డర్. ఎదురుగా వాలుకుర్చీలో బాబాయి. నాన్నకు సొంత తమ్ముడు, లారీ నడుపుతాడు, ఏ ఊరు వెళ్ళొచ్చినా విస్కీ సీసా లేకుండా గుమ్మం ఎక్కడు. కిటికీ కింద స్టూలు మీద పక్కవీధి టైలరు. గోడవార చాప మీద, ఒళ్ళో ఒక చెప్పుల పెట్టె పెట్టుకుని, సంగీతం మాస్టారు. లోపలి గదిలో టీవీ ముందు అమ్మ. ఇక ఆరో మనిషి, బల్ల పక్కన చిన్న పీట మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్న కూతురు. నడిస్తే చప్పుడు కాదు, పలికితే వినపడదు అని బాబాయి ఆ పిల్లకు పిల్లి అని పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడిపోయింది.

బాబాయి సీసాను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. "రంగు చూశారా? ఎండ వాలే ముందు పొలం ఇలా ఉంటుంది."

"రంగుల సంగతి నాకొదిలెయ్," అన్నాడు టైలరు. "దాన్ని బిస్కెట్ కలర్ అంటారు. పంట్లాముకి బాగుంటుంది."

"నీకు పోసేది మూతెడు. రంగుతో నీకేం పని?"

"మూతెడే చాలు. అంతకు మించితే మా ఆవిడ గుమ్మంలోనే పసిగడుతుంది."

"వాసన రాకుండా తాగేదాన్ని విస్కీ అనరయ్యా, దగ్గుమందు అంటారు."

మాస్టారు చిన్నగా నవ్వారు. ఆయన గ్లాసులో ఒట్టి సోడానే ఉంది. "మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ తాగనిచ్చేది కాదు. ఇప్పుడు వద్దనేవాళ్ళు లేరు, తాగాలనీ లేదు," అన్నారు. టైలరే మాట మార్చాడు. "టీవీలో ఆ డిటెక్టివ్ సీరియల్ చూస్తున్నారా? ఒక్క వెంట్రుక పట్టుకుని హంతకుణ్ణి లాక్కొస్తాడు. తన కోటుకి ఎడమ భుజం అంగుళం దిగిందని మాత్రం వాడికి తెలీదు!"

లోపలినుంచి అమ్మ కేకేసింది. "ఆ భుజానికి గుండు తగిలింది అన్నయ్యా! కథ వదిలేసి కోటు చూస్తే అలాగే ఉంటుంది!"

"గుండు తగిలితే చిల్లు పడాలి చెల్లెమ్మా, కుట్టు దిగదు!"

అందరూ ఘొల్లుమన్నారు. నాన్న కూడా ఒక క్షణం ఆలస్యంగా నవ్వాడు. ఆయన ఎడమచేతి వేళ్ళు టేప్ రికార్డర్ లోపలే ఉన్నాయి. పాట వస్తోంది గానీ, గొంతు మసకగా ఉంది. టేపును తడిమి పాటను పైకి తెచ్చే ఇనప ముక్కని హెడ్ అంటారు. అది వెంట్రుకవాసి వంకరగా ఉన్నా చాలు, పాటలో మెరుపంతా చచ్చిపోతుంది. దాని పక్కనున్న స్క్రూని తిప్పుతూ, గొంతు తేటపడిన చోట ఆపాలి. దాటితే మళ్ళీ మసకే. దీనికి కొలబద్ద లేదు, చెవే కొలబద్ద.

నాన్న సన్న స్క్రూడ్రైవర్ పెట్టి గోరంత తిప్పాడు. ఇంకో గోరంత. ఆయన కళ్ళు రికార్డర్ మీద లేవు. పిల్లి చేతిలో పెన్సిల్ మీద ఉన్నాయి. పెన్సిల్ కాగితం మీద నడుస్తోంది, నడుస్తోంది, ఒకచోట ఆగింది. నాన్న చెయ్యి కూడా ఆగింది.

తర్వాత ఆయన అమ్మ దగ్గర తెచ్చుకున్న గోళ్ళరంగు సీసా మూత తిప్పి, స్క్రూ తల మీద ఎర్రగా ఒక చుక్క వేశాడు. ఆ చుక్క పడిందంటే పని అయిపోయినట్టు. స్క్రూ కదలదు, ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ అది తెలుసు. సంతకం మీద సంతకం ఎవరూ పెట్టరు.

"చూశారా, ఇంత గోలలోనూ దొరకబుచ్చుకున్నాడు," అన్నాడు టైలరు. "చెవంటే బావదీ!"

"పాముకి కళ్ళే చెవులట. మా అన్నయ్యకీ అంతే," అన్నాడు బాబాయి, గ్లాసు ఎత్తి.

పిల్లి తల వంచుకుని పెన్సిల్ చెక్కుకుంది. బాబాయి గుడ్డిగా విసిరిన రాయి కాయకే తగిలింది. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

అప్పుడు మాస్టారు చెప్పుల పెట్టె మూత తీశారు. లోపల పదకొండు క్యాసెట్లు, ఒక్కోటీ పాత చీర ముక్కలో చుట్టి ఉంది. "మా ఆవిడవి. నలుగురిలో పాడమంటే గదిలోకి పారిపోయేది. వంట చేసుకుంటూ, బియ్యం ఏరుకుంటూ పాడేది. నేనే వెనకనుంచి పట్టాను. అన్నీ అరువు మెషిన్లే."

"ఒక్కో మెషిన్‌కి ఒక్కో వంకర," అన్నాడు నాన్న. "ఒక్కోదానికీ హెడ్ విడిగా సర్దాలి మాస్టారూ. ముందు ఒకటి కుదిర్చి వినిపిస్తా. మీకు నచ్చితే అన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తా."

"తొందరేం లేదు. కానీ జాగ్రత్తోయ్. ఆవిడ గొంతు ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు."

నాన్న పెట్టెను రెండు చేతులతో అందుకుని, బల్ల మీద దుమ్ము తుడిచి మరీ పెట్టాడు. పిల్లి గుడ్డ ముక్కలు కొంచెం తొలగించి చూసింది. ఒక్కో క్యాసెట్ మీద ఏ పాటో, ఏ నెలో గుండ్రటి అక్షరాలతో రాసుంది.

బాబాయి రెండో గ్లాసు సగమయ్యేసరికి, మూతెడుకే టైలరు హుషారు మీదున్నాడు. "మొన్నో పెళ్ళికొడుకు కొలతలివ్వడానికొచ్చాడు బావా. పక్కనే పెళ్ళికూతురు. నేను టేపు పట్టుకుని నడుము..." అని మొదలుపెట్టి, పీట వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. "పోనీలెండి, ఇంకోసారి."

"ఇదీ వరస," అన్నాడు బాబాయి. "వారానికోసారి కలుస్తాం. మనసారా ఒక జోకు వేసుకుందామంటే మధ్యలో పిల్లి. అన్నయ్యా, అది ఎదిగిందయ్యా. సీసాల మధ్య కూర్చోబెడితే చూసేవాళ్ళేమంటారు? లోపల వాళ్ళమ్మ దగ్గర రాసుకోలేదా ఆ లెక్కలు?"

అతను కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు, పిల్లి నెత్తి మీద చెయ్యి కూడా వేశాడు. నాన్న చేతిలో స్క్రూడ్రైవర్ అటూ ఇటూ దొర్లింది. ఆయన ఒక్క మాటంటే చాలు, అది ఇక్కడ ఉండాలి అంటే చాలు. ఎందుకు అని అడుగుతారు. అదే ఆయన చెప్పలేడు.

"లోపలికెళ్ళమ్మా," అన్నాడు.

పిల్లి నోటుపుస్తకం, పెన్సిల్, పెన్సిల్ చెక్కిన పొట్టుతో సహా తీసుకుని లేచింది.

*

మంగళవారం పిల్లి బడినుంచి వచ్చేసరికి ముందుగదిలో నాన్న ఒక్కడే ఉన్నాడు. మాస్టారి మొదటి క్యాసెట్ మెషిన్లో తిరుగుతోంది. ఆయన చెవి స్పీకరుకు అంటుకునేంతగా వంగిపోయి ఉన్నాడు. పిల్లి సంచీ గూట్లో పెట్టి, పీట లాక్కుని కూర్చుంది.

"లోపల రాసుకో," అన్నాడు నాన్న తల తిప్పకుండా.

"ఇప్పుడు ఎవరూ లేరుగా నాన్నా."

"ఉన్నా లేకపోయినా. బాబాయి చెప్పిందాంట్లో తప్పేముంది?"

గొంతు మసకగా ఉంది. స్క్రూ ఇంకా కుడికి తిరగాలి. పిల్లి పెన్సిల్ తీసి పట్టుకుంది. నాన్న ఆ పెన్సిల్ని చూశాడు. చూసి, వేడి నీళ్ళు తగిలినట్టు చూపు లాగేసుకున్నాడు.

"ముప్పై ఏళ్ళనుంచి చేస్తున్నా. నాకొకరు చూపించాలా?" అన్నాడు, ఎవరో ఏదో అన్నట్టు.

లోపల అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ టీవీ చూస్తోంది. టీవీ గోడలు అదిరేలా మోగుతోంది. పిల్లి వెళ్ళి అమ్మ పక్కన కూలబడింది. "అమ్మా, నాన్నకి..."

"తెలుసు."

"ఎలా?"

అమ్మ కత్తిపీట మీదనుంచి లేవకుండానే టీవీ వైపు గడ్డంతో చూపించింది. "ఇంత గోల నాకిష్టమనా పెట్టుకునేది? పక్కన కూర్చుంటాడు, వినపడకపోయినా వినపడినట్టు తల ఊపుతాడు. అదేదో నాకే ఇష్టమని ఆయనకి చెప్పుకున్నా."

"మరి మాస్టారి క్యాసెట్లు?"

అమ్మ ఇంకో ఉల్లిపాయ అందుకుంది. కళ్ళలో నీళ్ళు ఉల్లిపాయలవే. "తన చెవి పోయిందని మగాడు తనంతట తను అనుకోవాలి. మనం అంటే ఇంక ఆ బల్ల దగ్గర కూర్చోడు. కూర్చోకపోతే మనిషి ఏమవుతాడో నాకు తెలీదు. నువ్వు మాత్రం అనకు."

కాసేపటికి ముందుగదిలోంచి గోళ్ళరంగు వాసన వచ్చింది.

*

గురువారం సాయంత్రం పక్కవీధిలో కరెంటు పోయిందని టైలరు కొట్టు కట్టేసి వచ్చాడు. లారీకి లోడు దొరకక బాబాయి మధ్యాహ్నం నుంచే ఉన్నాడు. మాస్టారు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఎవరింటికో పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు.

"చక్కగా కుదిరింది మాస్టారూ," అన్నాడు నాన్న. "వినండి."

పిల్లి వంటింట్లో ఐసు ట్రే వంచుతోంది. పాట మొదలయింది. వాన రాని ఏడాది గురించి ఒక ఆడమనిషి నెమ్మదిగా పాడుతోంది. స్వరం తప్పడం లేదు. కానీ ఆ మనిషి నిండా దుప్పటి కప్పుకుని, లోపలినుంచి పాడుతున్నట్టుంది. ఏ మాటకీ అంచు లేదు.

"ఆహా," అన్నాడు టైలరు.

"పాత గొంతుల్లో ఉండే చలవే వేరు," అన్నాడు బాబాయి. "ఇప్పటి పాటలు ఇంజనుకి పోటీ. నేను లారీలో పెట్టుకోను, నిద్ర రాకుండా ఉండడానికి తప్ప."

మాస్టారు అటు తల తిప్పలేదు. పిల్లి గుమ్మం పక్కనుంచి చూసింది. ఆయన తల ఒకవైపు వంచి, కనుబొమలు ముడివేసి, తెలిసిన మనిషిని జనంలో వెతుకుతున్నట్టు వింటున్నారు. ఒక చరణం అయింది. ఇంకోటి అయింది. ముడి విడిపోయింది. అది సంతోషం వల్ల కాదు. వెతకడం మానేశారు.

"బానే ఉందోయ్," అన్నారు. చొక్కా అంచు సర్దుకుని, "మనిషి పోయాక మనమే ఎక్కువ చేసుకుంటామేమో. నా చెవిలో ఇంకోలా ఉండేది. నిజానికి గొంతు ఇంతే కాబోలు," అన్నారు.

"అచ్చం ఉన్నదున్నట్టు వచ్చింది మాస్టారూ," అన్నాడు నాన్న.

"ఆ, ఆ. మిగతావీ ఇలాగే ఎక్కించెయ్. ఎక్కించాక పాతవి నాకివ్వకు. నువ్వే ఎక్కడో పారెయ్. ఇంట్లో ఉంటే చెయ్యి వాటి మీదికే పోతుంది. ఇంక చాలు."

"అలాగే," అన్నాడు నాన్న.

పిల్లి ఐసు గిన్నెతో లోపలికి వచ్చింది. గిన్నె బాబాయి ముందు పెట్టింది. అక్కడితో తిరిగి వెళ్ళిపోవాలి. ఆమె కాళ్ళు మాత్రం బల్ల వైపు నడిచాయి. మెషిన్ తిరుగుతూనే ఉంది. హెడ్ పక్కన స్క్రూ మీద ఎర్ర చుక్క నిగనిగలాడుతోంది. పిల్లి దాని మీద బొటనవేలి గోరు పెట్టి గీకింది. చుక్క పెచ్చులా లేచి బల్ల మీద పడింది.

"ఏయ్!" అన్నాడు నాన్న.

ఆమెకు ఆ కేక వినపడింది. చెయ్యి మాత్రం స్క్రూడ్రైవర్ తీసుకుంది. ఐసు పట్టుకున్న వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. కంగారులో ఎడమకు తిప్పింది, పాట ఇంకా అడుక్కి దిగిపోయింది. "నీకేమైనా పిచ్చా?" అని బాబాయి లేవబోయాడు. పిల్లి కుడికి తిప్పింది. గోరంత. ఇంకో గోరంత. ఇంకొంచెం.

దుప్పటి తొలగింది.

ముందు ఊపిరి వినపడింది, చరణానికీ చరణానికీ మధ్య. తర్వాత వెనకాల ఎక్కడో చేటలో బియ్యం కదిలిన చప్పుడు. తర్వాత గొంతు, ఎదురుగా కూర్చుని పాడినట్టు. స అనే అక్షరం వచ్చిన ప్రతిచోటా ఆ గొంతులో చిన్న ఈల, దారం అంత సన్నది.

మాస్టారు చాప మీద మోకాళ్ళ మీద లేచారు.

"అదిగో," అన్నారు. "అదిగో ఆ ఈల! ముందు పళ్ళ మధ్య సందుండేది. స అంటే చాలు ఈల పడేది. సంగీతం మాస్టారి పెళ్ళానివి, దిద్దుకోవే దిద్దుకోవే అని ఎంత వేధించానో. దిద్దుకోలేదు. దిద్దుకోలేదయ్యా!" ఆయన నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చెప్పడం కష్టం. రెండు చేతులూ తొడల మీద వేసి కొట్టుకుంటున్నారు.

"అవును, ఎంత సన్నగా పడుతోందో," అన్నాడు టైలరు.

"నాకూ వినపడుతోంది!" అన్నాడు బాబాయి.

నాన్న ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు. ఆయన ముఖంలో కోపం పోయి, వట్టి అయోమయం మిగిలింది.

"ఏ ఈల?" అన్నాడు.

పాట ఆగలేదు. మళ్ళీ ఈల పడింది. మళ్ళీ పడింది. పడిన ప్రతిసారీ ముగ్గురి కళ్ళూ నాన్న వైపు వెళ్ళి, వెంటనే పక్కకు తప్పుకున్నాయి. నాన్న పిల్లి చేతుల వైపు చూశాడు. అక్కడ పెన్సిల్ లేదు.

టైలరు గ్లాసు కింద పెట్టి, కరెంటు వచ్చుంటుంది అన్నాడు. బాబాయి సీసాకి మూత బిగించాడు. వెళ్ళేటప్పుడు మాస్టారు పిల్లి ముందు నిలబడ్డారు. చేతులు జోడించారు. ఆ వయసు మనిషి తనకు దణ్ణం పెడితే ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. గోడకి కరుచుకుపోయింది.

ఆ రోజు గ్లాసులన్నీ నాన్నే కడిగాడు.

*

శుక్రవారం ఆయన బల్ల దగ్గర కూర్చోలేదు. బాగుచెయ్యమని తెచ్చిన ఒక రేడియోని, సోమవారం రమ్మని వెనక్కి పంపేశాడు. పిల్లితో మాట్లాడలేదు. అమ్మ పిల్లితో మాట్లాడింది గానీ పొడిపొడిగా. "అనకు అన్నాను," అంది ఒకసారి. "నేనేమీ అనలేదమ్మా," అంది పిల్లి. నిజమే, ఆమె ఒక్క మాటా అనలేదు. దానివల్ల మనసేమీ తేలికపడలేదు. గోరు సందులో ఇరుక్కున్న ఎర్రరంగును రెండు రోజులపాటు పుల్లతో తీసుకుంటూనే ఉంది. అన్నం దగ్గర నాన్న తల ఎత్తడం లేదు. మాస్టారికి గొంతు తిరిగి ఇచ్చిన చేతితోనే నాన్నకున్నదేదో లాగేసుకున్నానని ఆమెకు అనిపించింది.

శనివారం మధ్యాహ్నం అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. టీవీ వేసి ఉంది, కానీ సౌండు పూర్తిగా తగ్గించి ఉంది. నాన్న దాని వెనక నిలబడి చూస్తున్నాడు. పిల్లి నీళ్ళకని అటు వెళ్ళింది.

"ఇటు రా," అన్నాడు. "ఇది వేసుందో లేదో బొమ్మ చూడకుండా చెప్పగలవా?"

"ఆ."

"ఎలా?"

"సన్నగా కూస్తుంది నాన్నా. పాత పెట్టె టీవీలు అన్నీ కూస్తాయి. వీధిలో నుంచి కూడా తెలుస్తుంది."

ఆయన చెయ్యి టీవీ మీద పెట్టి, ఆ కూతని అరచేత్తో వెతుకుతున్నట్టు కాసేపు అలాగే ఉంచాడు. "చిన్నప్పుడు నాకూ తెలిసేది," అన్నాడు. "మా మేస్త్రీ కొట్టులో పని నేర్చుకునేటప్పుడు. ఆ కూత నాకు వినపడి ఆయనకి వినపడకపోతే ముసలాడని నవ్వేవాణ్ణి."

పిల్లి నేలకేసి చూసింది.

"నాకు ఎప్పటినుంచి పోయిందో నీకు తెలుసా?"

"పోయిన వానాకాలం నుంచి."

"చెప్పలేదేం?"

"నువ్వు నా పెన్సిల్ చూసేవాడివిగా. చెప్పినట్టే అనుకున్నా."

నాన్న తల ఊపాడు. వినపడనప్పుడు ఊపే ఊపు కాదది. టీవీ కట్టేసి, ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ మామూలుగానే వచ్చారు. మామూలుగా లేనిది వాళ్ళ గొంతులు. "ఏం అన్నయ్యా! భోంచేశావా!" అని బాబాయి గుమ్మంలోంచే వీధి చివరికి వినపడేలా అరిచాడు. టైలరు ప్రతి మాటకూ చేతులు తిప్పుతున్నాడు, పొరుగు దేశం మనిషితో మాట్లాడుతున్నట్టు.

"తగ్గించండ్రా," అన్నాడు నాన్న. "నాకు పోయింది సన్నచప్పుళ్ళే. మీవి బండచప్పుళ్ళు, ఎక్కడున్నా వినపడతాయి."

ఎవరూ వెంటనే నవ్వలేదు. నవ్వొచ్చో లేదో వాళ్ళకు తెలియలేదు. నాన్నే ముందు నవ్వాడు, తర్వాత మాస్టారు, తర్వాత మిగిలిన ఇద్దరూ ప్రాణం లేచొచ్చినట్టు నవ్వారు. ఆ నవ్వు పూర్తిగా బాగాలేదు. కానీ నవ్వు.

బల్ల పక్కన పీట లేదు. నాన్న కుర్చీ ఉంది, దాని మీద రెండు పాత పుస్తకాలు వేసి ఎత్తు చేసి ఉంది. మాస్టారి పెట్టె తెరిచి ఉంది. నాన్న పిల్లిని పిలిచి కుర్చీ చూపించాడు. ఆమె ఎక్కి కూర్చుంది. కాళ్ళు నేలకు సరిగా ఆనలేదు. అందరూ తననే చూస్తున్నారని చెవులు ఎర్రబడ్డాయి.

"ఇవాళ మన సభ మెట్ల మీద," అన్నాడు నాన్న, సీసా అందుకుంటూ.

"అదేంటన్నయ్యా! ఎండలోనా?"

"మీరిక్కడుంటే కోటు భుజమనీ బిస్కెట్ కలరనీ వాగుతారు. దానికి వినపడొద్దూ? పది క్యాసెట్లున్నాయి. లేవండి."

"నేను కూడానా?" అన్నారు మాస్టారు.

"మీరు కూడానే మాస్టారూ. మీరు కళ్ళు తుడుచుకున్నా చప్పుడే."

బాబాయి గ్లాసులు ఏరుకుంటూ పిల్లి వైపు ఒకసారి చూశాడు. నెత్తి మీద చెయ్యి వెయ్యబోయి, మానేసి బయటికి నడిచాడు. నాన్న ఆఖరున గుమ్మం దాటాడు.

"నాన్నా," అంది పిల్లి. ఆయన తిరగలేదు. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అనంత గట్టిగా అంది. "నాన్నా! నువ్వూ ఉండు. నేను తప్పు చేస్తే?"

ఆయన తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. వెనక మెట్ల మీద గ్లాసులు గలగలమన్నాయి. టైలరు నాకు మూతెడే, మూతెడే అంటున్నాడు.

"నేనుంటే నా మొహమే చూస్తుంటావు," అన్నాడు నాన్న. "అలా వినకూడదు."

తలుపు దగ్గరికి లాగాడు. గడియ సన్నగా టిక్కుమంటూ పడింది. అది పడిందని ఆయనకు తెలిసినట్టు లేదు, బయటినుంచి మళ్ళీ ఒకసారి, గట్టిగా లాగాడు.